పేరున్న కాలేజీ ఎవరికి ఎక్కువ అవసరం?



డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నన్ను తరచూ ఒక మాట అడుగుతున్నారు. "అన్నా, ఎంబీఏ ఎక్కడ చేస్తే ఏముంది? పుస్తకాలు అవే కదా! కాలేజీ పేరు చూసి ఉద్యోగం ఇస్తారా?"

ఇస్తారు. ముందు ఆ నిజం ఒప్పుకుందాం.

నేను ఐసెట్ రాసి, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. మా కాలేజీకి వచ్చినవి రెండే కంపెనీలు. ఒకటి ఇన్సూరెన్సు అమ్మమంది, ఇంకోటి క్రెడిట్ కార్డులు అమ్మమంది. తర్వాత హైదరాబాదులో ఇంటర్వ్యూకి వెళ్తే, బయోడేటా చూసి మొదట అడిగిన మాట: "ఈ కాలేజీ ఎక్కడుంది?" నాకేం వచ్చో అడగకముందే వాళ్ళ నిర్ణయం అయిపోయింది.

ఎందుకిలా? పెద్ద కంపెనీ వేల దరఖాస్తులు కూర్చుని చదవదు. క్యాట్ పరీక్ష ఎలాగూ వడపోసింది కదా అని నేరుగా ఐఐఎంలకి పోతుంది. అక్కడ చదివిన సీనియర్లే కంపెనీల్లో ఉంటారు, తమ కాలేజీ పిల్లల్ని పిలుచుకుంటారు. అంటే ఆ పేరులో చదువు కొంతే. మిగతాది వడపోత, పరిచయాలు.

"టాలెంట్ ఉంటే చాలు, పేరెందుకు" అనేవాళ్ళని ఒకసారి గమనించండి. వాళ్ళింట్లో వ్యాపారం ఉంటుంది. మేనేజరుకి ఫోన్ చేసే మావయ్య ఉంటాడు. మనకెవరున్నారు? మా అమ్మానాన్న సంతలో పసుపు, మిరియాలు అమ్ముకునేవాళ్ళు. మన గురించి చెప్పే మనిషి లేనప్పుడు, కాలేజీ పేరే మన తరఫున మాట్లాడుతుంది.

ఇది నా బాధ ఒక్కటే కాదు. అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే పరిశోధకులు డిగ్రీ కాలేజీల మీద ఇదే ప్రశ్న వేశారు. సమానమైన సత్తా ఉన్న పిల్లల్ని పోల్చి చూస్తే, చాలామందికి కాలేజీ పేరు వల్ల సంపాదనలో పెద్ద తేడా కనబడలేదు. కానీ నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకీ, తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని పిల్లలకీ తేడా గట్టిగానే ఉంది. దేశం వేరైనా విషయం మనదే.

అందుకే చెప్తున్నా. ఐఐఎం మనది కాదనుకోకండి. 2015 నుంచి విశాఖలోనే ఐఐఎం ఉంది. ఐఐఎంల ఎంబీఏ సీట్లలో ఎస్టీలకి 7.5 శాతం చట్టం ఇచ్చిన హక్కు. క్యాట్ ఫీజు మనకి సగమే. డిగ్రీలో 45 శాతం మార్కులుంటే రాయొచ్చు. దరఖాస్తులు మామూలుగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పెడతారు. సీటొస్తే ఫీజు ఎలా అని భయపడకండి. కేంద్ర గిరిజన శాఖ టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షల లోపు ఉండాలి.

ప్రైవేటు కాలేజీలో చేరాల్సి వస్తే ఫ్లెక్సీలో రాసిన "హయ్యెస్ట్ ప్యాకేజీ" నమ్మకండి. అది ఒక్కడి జీతం. జీతాలన్నీ వరసగా పేరిస్తే మధ్యలో ఉన్నది ఎంత, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి అని అడగండి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులకి దరఖాస్తు చేసిన కాలేజీలైతే ఆ లెక్కలు చూపించాలి. చూపించని కాలేజీ వైపు పోకండి.

ఇప్పటికే చిన్న కాలేజీలో చదివేశారా? కుంగిపోకండి. పేరు మొదటి తలుపు దగ్గర ఎక్కువ పనిచేస్తుంది. రెండో ఉద్యోగం నాటికి మీరేం చేసి చూపించారో అడుగుతారు. నేను అమ్మకాల్లోనే చేరి, లెక్కలు పట్టుకుని పైకొచ్చాను. కానీ రెండేళ్ళు ఆలస్యమైంది. ఆ రెండేళ్ళు మీకు పోకూడదు.

మన డిమాండ్లు రెండే. ప్రతి ఐటీడీఏలో క్యాట్‌కి ఉచిత కోచింగ్ పెట్టాలి. ఏజెన్సీలో కాఫీ కొని అమ్మే గిరిజన సహకార సంస్థలో మన ఎంబీఏ పిల్లలకి జీతంతో ఇంటర్న్‌షిప్ ఇవ్వాలి. మన పంటల వ్యాపారం నడిపే కుర్చీలో మన పిల్లలు కూర్చోవద్దా?

ఈ ఏడాది మీ ఊర్నించి ఒక్కరితోనైనా క్యాట్ ఫారం నింపించండి. జోహార్.