పెట్టె సర్దేముందు ఒక ఫైలు సర్దుదాం



ఏటా ఈ సభలో రంజాన్ రేషన్ కిట్లు ఎన్ని పంచామో, ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టామో చెబుతాం. ఆ లెక్కలు ఈ సంచికలో వేరే పేజీల్లో ఉన్నాయి. ఈ రోజు మాత్రం మేము పోగొట్టిన ఒక మొత్తం గురించి ముందుగా చెప్పుకోవాలి. అది మీ సొమ్ము. మా దగ్గర అమానతు.

రెండేళ్ల కిందట రాయచోటి వైపు నుంచి ఒక ముసలి తల్లి మా ఆఫీసుకు వచ్చింది. ఆమె కూతురిని ఏజెంటు ఇంటిపనికని విజిట్ వీసా మీద దుబాయి పంపి, అక్కడి నుంచి మస్కట్ చేర్చాడు. ఐదు నెలలుగా జీతం లేదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. "బిడ్డ గొంతు విని పదకొండు రోజులైంది సాబ్" అని ఆ తల్లి ఏడ్చింది. మేము తొందరపడ్డాం. అదే ఏజెంటును పిలిపించాం. కఫీలుకు 80,000 రూపాయలు కడితే పంపేస్తారన్నాడు. విరాళాల్లోంచి తీసి ఇచ్చాం. రసీదు అడగలేదు. మూడో రోజు నుంచి అతని ఫోను మోగలేదు.

ఆ తర్వాత చేసిన పని మొదటి రోజే చేయాల్సింది. విదేశాంగ శాఖ 2015లో 'మదద్' అనే పోర్టల్ తెచ్చింది. ఇక్కడున్న కుటుంబమే అందులో ఫిర్యాదు పెట్టొచ్చు. దానికి ఒక నంబరు వస్తుంది, అది ఆ దేశంలోని మన ఎంబసీకి చేరుతుంది. ఒక్క పైసా ఖర్చు లేదు. కానీ పాస్‌పోర్టు వివరాలు కావాలి. ఇంట్లో జిరాక్సు లేదు. వీసా కాపీ లేదు. యజమాని పేరేమిటంటే 'బాబా' అన్నారు. చివరికి ఊళ్లో నెట్ సెంటర్ అబ్బాయి కంప్యూటర్‌లో పాత స్కాన్ దొరికింది. అప్పటికి మూడు వారాలు గడిచాయి.

ఆమె ఎంబసీ రక్షణలోకి చేరాక అవుట్‌పాస్ మీద ఇంటికి వచ్చింది. టికెట్టు ఖర్చు ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి భరించింది. 2009లో పెట్టిన ఈ నిధి ఇలాంటి కష్టాల కోసమే ఉంది. అయిదు నెలల జీతం మాత్రం రాలేదు. ఆ 80,000ను కమిటీ సభ్యులం మా జేబుల్లోంచి తిరిగి జమ చేశాం.

మన కడప, అన్నమయ్య జిల్లాల నుంచి కువైట్ వెళ్లని వీధి లేదు. అందుకే కొన్ని మాటలు ప్రతి ఇంటికీ చేరాలి.

పదో తరగతి పాసు కాని వారి పాస్‌పోర్టు ఈసీఆర్ కిందకు వస్తుంది. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వారికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఆ అనుమతితో పాటే ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది. రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షలు. విజిట్ వీసా మీద పనికి పోతే అనుమతి ఉండదు, బీమా ఉండదు, ఫలానా చోట పనిలో ఉన్నాడనే రికార్డూ ఉండదు. ఏజెంట్లకు అదే కావాలి.

లైసెన్సున్న ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కనిపిస్తుంది. నిబంధనల ప్రకారం అతని ఫీజు 30,000, దానిపై జీఎస్టీ, అంతే. మన రాష్ట్రంలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలున్నాయి. ముందు అక్కడ అడగండి. 'ఆజాద్ వీసా' అన్న మాట వినబడితే లేచి వచ్చేయండి.

సామానులో గసగసాలు పెట్టకండి. మనకు అది కుర్మాలో వేసే దినుసు, దుబాయి, సౌదీల్లో అది మాదకద్రవ్యం కింద లెక్క. నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు ఉంటే డాక్టరు చీటీ వెంట ఉంచండి. అయినా కొన్ని మందులకు అక్కడ ముందస్తు అనుమతి కావాలి, కనుక్కుని తీసుకెళ్లండి.

ఖర్మ కాలి పోలీసులు పట్టుకుంటే, మన ఎంబసీకి తెలపమని అడిగే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం ఇచ్చింది. చదవలేని భాషలో ఉన్న కాగితంపై సంతకం పెట్టవద్దు. ఎంబసీ కోర్టు తీర్పు మార్చలేదు, అప్పులు తీర్చలేదు. కానీ జైల్లో ఉన్నవారిని కలవగలదు, లాయర్ల జాబితా ఇవ్వగలదు, ఇంటికి కబురు చేయగలదు.

దాతలకు మా విన్నపం ఒక్కటే. ఈ ఏడాది నుంచి ఆఫీసులో ఒక బల్ల, ఒక కంప్యూటరు, చదువుకున్న ఒక అమ్మాయి లేదా అబ్బాయి ఉండేలా చేద్దాం. విదేశం వెళ్లే ప్రతి మనిషికీ ఒక ఫైలు: పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం కాపీలు, యజమాని పూర్తి పేరు, అక్కడి చిరునామా, ఫోను నంబరు. ఒక ప్రతి ఇంట్లో, ఒకటి మా దగ్గర. ఫైలు మీద పెద్ద అక్షరాలతో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090 రాసి ఇస్తాం.

రేషన్ కిట్టు ఇచ్చిన రోజే కళ్లకు కనబడుతుంది. ఈ ఫైలు అక్కరకు రాకుండా బీరువాలోనే పాతబడితే మంచిదే. అక్కర పడిన రోజున మాత్రం ఏ తల్లీ పదకొండు రోజులు ఎదురుచూడకూడదు, మేము మళ్లీ తొందరపడి మీ సొమ్ము ఏజెంటు చేతిలో పోయకూడదు.