సుంకపు చౌకి ఎవరి వాకిట?

(సమాజమువారి నెలసరి సభలో చేసిన ప్రసంగ పాఠము)



బ్రిటను దేశము యూరోపియన్ యూనియన్ నుండి వైదొలగిన వృత్తాంతము మీరందరును పత్రికలలో చదివినదే. దానినంతటిని మరల ఏకరువు పెట్టుటకు నేను నిలువలేదు. ఆ కలహములో వినువారికి మిక్కిలి విసుగు పుట్టించినదియు, నా దృష్టిలో మిక్కిలి ముఖ్యమైనదియు అగు ఒక్క అంశమును తీసికొందును. అది సుంకముల సంగతి. సుంకరి యొద్ద సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లు అని మనకొక సామెత కలదు. సుంకరికి సరకు పట్టునే గాని, సరకు తెచ్చిన మనుష్యుని గోడు పట్టదని దాని భావము. బ్రిటనులో 2016 మొదలు కొన్ని సంవత్సరములపాటు జరిగినది దీనికి తలక్రిందులు. సుంకరి ఎక్కడ నిలువవలెనను ప్రశ్నలోనే ఆ దేశపు సుఖదుఃఖములన్నియు వచ్చి చేరినవి. ఒక ప్రధానమంత్రి పదవి దానితోనే పోయినది.

ముందు మాటల అర్థము చూతము. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందము వేరు, కస్టమ్స్ యూనియన్ వేరు. మొదటిదానిలో రెండు దేశములు పరస్పరము సుంకములు తీసివేసికొనును. బయటి దేశముల సరకుపై ఎవరి సుంకము వారిదే. అందుచేత వచ్చిన సరకు నిజముగా ఆ దేశమున పుట్టినదా, లేక మూడవ దేశమునుండి దొడ్డిదారిని వచ్చినదా అని సరిహద్దున అడుగక తప్పదు. కస్టమ్స్ యూనియన్‌లో బయటి గోడ ఒక్కటే, సుంకము ఒక్కటే. కాబట్టి లోపల ఆ ప్రశ్న అక్కరలేదు. కాని దానికి వెల కలదు. ఉమ్మడి కుటుంబములోనివాడు పొలమును తానొక్కడే బేరము పెట్టలేనట్లు, అందులోని దేశము సుంకముల విషయమున పరాయివారితో విడిగా ఒడంబడిక చేసికొనలేదు. ఐరోపా దేశములలో ఈ కూటమి 1968 జులై 1 నాటికి పూర్తియైనది. బ్రిటను 1973లో చేరినది.

ఇవి గాక సరకుల నాణ్యతకు, ఆరోగ్యమునకు సంబంధించిన ఉమ్మడి నిబంధనలు గల ఏకవిపణి యొకటి కలదు. నార్వే ఆ విపణిలో నున్నది గాని కస్టమ్స్ యూనియన్‌లో లేదు. టర్కీ 1995 చివరినుండి ముఖ్యముగా పారిశ్రామిక వస్తువులకు కస్టమ్స్ యూనియన్‌లో నున్నది గాని విపణిలో లేదు. రెండుచోట్లను సరిహద్దున లారీలు ఆగుచున్నవి. మన దేశములో 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చిన పిమ్మట రాష్ట్రముల ఎల్లలయందలి వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు తొలగినపుడు ఎంత తేడా వచ్చినదో, ఢిల్లీనుండి స్వగ్రామమునకు సామాను లారీలో పంపుకొన్నవారెరుగుదురు.

2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి 51.9 మంది వైదొలగుటకు ఓటు వేసిరి. ఉండుటయా, పోవుటయా అన్నదే ప్రశ్న. ఆ చీటీపై సుంకముల ప్రస్తావనయే లేదు. 2017 జనవరి 17న ప్రధానమంత్రి థెరిసా మే లాంకాస్టర్ హౌస్‌లో చేసిన ప్రసంగములో బ్రిటను ఏకవిపణిని విడుచుననియు, ఉమ్మడి సుంకములకు కట్టుబడదనియు ప్రకటించెను. ఐర్లండులో పాతకాలపు సరిహద్దులు ఎవరికిని అక్కరలేదనియు అదే ప్రసంగములో చెప్పెను. అవ్వా కావలెను, బువ్వా కావలెను అన్నమాట.

ఐర్లండు సంగతి కొంచెము నిలిచి చూడవలెను. ఆ ద్వీపమున ఉత్తర భాగము బ్రిటనుది, తక్కినది స్వతంత్ర దేశము. నడుమ గీత సుమారు 310 మైళ్లు. దానిని దాటు దారులు 200కు పైబడి యున్నవి. 1923 ఏప్రిల్ 1న అక్కడ సుంకపు చౌకీలు వెలసినవి. 1960ల చివరనుండి ముప్పదియేండ్లు సాగిన హింసలో 3,500కు పైగా జనులు చనిపోయిరి. చౌకీలే పలుమార్లు బాంబులకు గురియైనవి. ఎన్నో చిన్నదారులను సైన్యము గోతులు త్రవ్వి మూసివేసినది. 1993లో ఏకవిపణి రాగానే సుంకపు చౌకీలు పోయినవి. 1998 ఏప్రిల్ 10 నాటి శాంతి ఒడంబడిక తరువాత సైనిక కావళ్లును క్రమముగా పోయినవి. నేడక్కడ మైలురాళ్లు చూచిన గాని దేశము మారినట్లు తెలియదు. అట్టిచోట మరల ఒక గుమాస్తాను, ఒక అడ్డుకర్రను నిలుపుట ఎట్టి పనియో ఊహింపవచ్చును.

ఇపుడు చిక్కు తేటపడును. ఐరోపా కస్టమ్స్ యూనియన్‌నుండియు, విపణినుండియు బయటికి వచ్చుట; ఐర్లండు గీతపై చౌకి లేకుండుట; ఉత్తర ఐర్లండుకును తక్కిన బ్రిటనుకును నడుమ చౌకి లేకుండుట. ఈ మూడు వాగ్దానములలో ఏ రెండైనను నెరవేర్పవచ్చును, మూడును కలిసి నెరవేరవు. చౌకిని జరుపవచ్చునే గాని మాయము చేయరాదు. ఎవరి వాకిట నిలుపుదురన్నదే అసలు తగవు. ఆ మాట ఓటర్లకు స్పష్టముగా చెప్పుటకు మాత్రము పెద్దపక్షములలో దేనికిని చాలకాలము నోరు రాలేదు.

2017 డిసెంబరు 4న బ్రస్సెల్స్‌లో ఒప్పందపు పాఠము సిద్ధమైనది. ఆనాడు మే ప్రభుత్వము ఉత్తర ఐర్లండుకు చెందిన డి.యు.పి. పక్షపు పదిమంది సభ్యుల మద్దతుపై నిలిచి యున్నది. వారు వలదనగానే పాఠము ఆగినది. నాలుగు దినముల తరువాత అందులో మరియొక పేరా చేరినది. మునుపటి పేరా ఐర్లండు గీతపై చౌకి ఉండదనెను. క్రొత్తది సముద్రముపై ఉండదనెను. అందరును సంతోషించిరి. చిత్తుప్రతులు వ్రాయుచు తలలు నెరయుచున్న మనకిది క్రొత్తగాదు. ఇరుపక్షములకు ఇరువిధముల అర్థము తోచునట్లు వాక్యము కూర్చినచో సంతకములు త్వరగా పడును. ఫైలు మరల మన బల్లమీదికే వచ్చును.

వచ్చినది. 2018లో లండను మంత్రివర్గము రెండు పథకములపై రెండుగా చీలినది. ఒకదాని ప్రకారము బ్రిటను తన రేవులలో ఐరోపావారి తరఫున వారి సుంకమే వసూలు చేయును. సరకు బ్రిటనులోనే నిలిచి, బ్రిటను సుంకము తక్కువైనచో, తేడాను వర్తకునికి తిరిగి యిచ్చును. లోకములో మరెక్కడను లేని పద్ధతి యిది. విదేశాంగమంత్రి బోరిస్ జాన్సన్ దీనిని బహిరంగముగానే ఎగతాళి చేసెను. రెండవది యంత్రములను నమ్ముకొన్నది: ముందస్తు పత్రములు, కెమెరాలు, నమ్మకస్థులైన వర్తకుల జాబితాలు. దీనివలన వ్యాపారులకు ఏటేట 1,700 మొదలు 2,000 కోట్ల పౌండ్ల వరకు ఖర్చు కాగలదని సుంకశాఖ అధిపతియే పార్లమెంటు సంఘము ఎదుట చెప్పెను. అంకెలు చెప్పినందుకు ఆ అధికారికి చంపుదుమను బెదరింపులు వచ్చినవి. మన ఉద్యోగములలో ఉన్నవారు ఈ ముక్కను గమనింపవలెను.

జులైలో చెకర్స్ భవనమున మూడవ పథకమొకటి కుదిరినది. మూడు దినములలోపల డేవిడ్ డేవిస్, జాన్సన్ ఇద్దరును రాజీనామా చేసిరి. నవంబరులో ఐరోపాతో ఒప్పందమైతే కుదిరినది. వేరు మార్గము దొరకువరకు బ్రిటను అంతయు ఒకే సుంకపు క్షేత్రముగా ఐరోపాతో కలిసియుండవలెనని అందు వ్రాసిరి. దీనికి బ్యాక్‌స్టాప్ అని పేరు. వికెట్ కీపరు చేయిజారిన బంతిని ఆపుటకు వెనుక నిలుపు ఆటగానివంటిదన్నమాట. దానినుండి తమంతట తాము బయటపడలేమని సొంతపక్షమువారే తిరుగబడిరి. 2019 జనవరి 15న ఒప్పందము 202కు 432 ఓట్లతో ఓడినది. మార్చిలో మరి రెండుమార్లు ఓడినది.

ఏప్రిల్ 1 నాటి ఓటు నాకు మిక్కిలి విచిత్రముగా తోచును. శాశ్వతముగా కస్టమ్స్ యూనియన్‌లో ఉందమని కెన్నెత్ క్లార్క్ తెచ్చిన తీర్మానమునకు 273 ఓట్లు వచ్చినవి, వ్యతిరేకముగా 276. మూడే ఓట్లు! పూర్తిగా పోవలెనన్నవారు దానిని కాదనుట సహజము. పూర్తిగా ఉండవలెనన్నవారిలో కొందరును, రెండవమారు ప్రజాభిప్రాయమును ఆశించి, చేయి కలుపలేదు. నడిమి దారికి ఇరువైపులవారును శత్రువులైరి. అయితే దానిని కాదన్నవారందరు మూఢులని నేననను. టర్కీని చూడుడు. ఐరోపావారు మూడవ దేశముతో ఒప్పందము చేసికొన్నచో ఆ దేశపు సరకు ఐరోపా మీదుగా టర్కీలో ప్రవేశింపగలదు. టర్కీ సరకునకు మాత్రము అక్కడ ఆ హక్కు దానంతట రాదు. సభలో కుర్చీ లేక తీర్పునకు తలయొగ్గుట స్వాభిమానము గల దేశమునకు కష్టమే.

మే దిగిపోయెను, 2019 జులైలో జాన్సన్ వచ్చెను. అక్టోబరు 17న ఆయన చేసికొన్న ఒప్పందము గీతను సముద్రమునకు జరిపినది. కాగితముపై ఉత్తర ఐర్లండు బ్రిటను సుంకపు క్షేత్రమే. సరకుల విషయమున అమలగునవి ఐరోపా నిబంధనలు. 2020 జనవరి 31న బ్రిటను వైదొలగినది. ఆ యేటి చివరివరకు పాత పద్ధతియే సాగినది. 2021 జనవరిలో డచ్చి రేవున సుంకాధికారులు బ్రిటనునుండి వచ్చిన లారీ డ్రైవర్ల పంది మాంసపు శాండ్‌విచ్‌లను సైతము పట్టుకొనిరి. జనులు నవ్విరి. బెల్‌ఫాస్టులో మాత్రము నవ్వలేదు. తమ్మును సొంత దేశమే వేరుగా గీత గీసి విడిచినదని డి.యు.పి. 2022 ఫిబ్రవరినుండి రెండేండ్లు అక్కడి ప్రభుత్వమును నడువనీయలేదు. 2023 ఫిబ్రవరి 27 నాటి విండ్సర్ ఏర్పాటు, ఉత్తర ఐర్లండులోనే నిలుచు సరకునకు పచ్చదారి, దాటిపోగల సరకునకు ఎర్రదారి యని విభజించి బాధను కొంత తగ్గించినది.

మనకును ఇందు సంబంధము లేకపోలేదు. 2025 జులై 24న భారతదేశమును బ్రిటనును చేసికొన్న వాణిజ్య ఒప్పందములో స్కాచ్ విస్కీపై మన 150 శాతపు సుంకము మొదట 75కును, పదవ యేటికి 40కిని తగ్గవలెనని యున్నది. మన కోస్తాజిల్లాలవారు పెంచు రొయ్యలకు బ్రిటను సుంకము లేకుండునని యున్నది. కస్టమ్స్ యూనియన్‌లో నున్నచో బ్రిటను ఈ సంతకము విడిగా చేయలేకుండెడిది. లండనులో 2024లో వచ్చిన లేబరు ప్రభుత్వము, యూనియన్‌లో మరల చేరమనుచునే, ఆహార పదార్థముల తనిఖీలను తగ్గించుకొనుటకు 2025 మేలో ఐరోపాతో అంగీకారమునకు వచ్చినది. అదే సంవత్సరము డిసెంబరులో, కస్టమ్స్ యూనియన్‌కై సంప్రదింపులు జరుపవలెనను ఒక ప్రతిపక్ష సభ్యుని బిల్లుపై కామన్స్ సభలో ఓటు జరిగినది. అనుకూలము 100, ప్రతికూలము 100. అధ్యక్షస్థానమున నున్నవారి ఓటుతో ఆ బిల్లు మొదటి మెట్టు మాత్రము దాటినది. దానివలన చట్టమేమియు మారలేదు; కాని ఏనాడైన బ్రిటను ఆ త్రోవనే పోయినచో, మన రొయ్యల సుంకమును గూర్చి బ్రస్సెల్స్‌తో మాటాడవలసి వచ్చును.