విషపు నీళ్లలో నిలిచిన చేప



జంతుశాస్త్రం చదివినవాణ్ణి కనుక ఒక చేప గురించి చెబుతాను. పేరు కిల్లీఫిష్. వేలెడంత ఉంటుంది. అమెరికా అట్లాంటిక్ తీరంలోని ఉప్పు చిత్తడి నేలల్లో బతుకుతుంది. అక్కడి న్యూ బెడ్‌ఫర్డ్, న్యూఆర్క్ వంటి రేవుల బురదలో పీసీబీలు, డయాక్సిన్లు దశాబ్దాలపాటు పేరుకున్నాయి. శుభ్రమైన చోటి చేపల పిండాలు ఆ విషానికి నిలవవు. ఈ రేవుల చేపలకు మాత్రం తట్టుకునే శక్తి 8,000 రెట్ల వరకు ఎక్కువ!

దాదాపు 400 చేపల జన్యువులను పరిశీలించి, 2016లో ‘సైన్స్’ పత్రికలో శాస్త్రవేత్తలు కారణం చెప్పారు. ఈ జాతిలో చేపలు లెక్కకు మిక్కిలి, వాటి మధ్య జన్యు తేడాలూ ఎక్కువే. పనికొచ్చే తేడా ఉన్నవి మిగిలాయి, లేనివి పోయాయి. రేవులు వేరైనా, మార్పు ప్రధానంగా ఒకే జన్యు వ్యవస్థలో కనిపించింది.

అయితే ప్రకృతే సర్దుకుంటుందిలే అని ఊరుకోకూడదు. సంఖ్య తక్కువై, తరానికి ఏళ్లూపూళ్లూ పట్టే జీవులకు అంత వ్యవధి ఉండదు. మనమూ ఆ కోవలోని వాళ్లమే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈ పాఠం చెప్పేటప్పుడు ‘బలవంతుడిదే రాజ్యం’ అనకండి. రకరకాల వాళ్లున్న గుంపే నిలిచిందని చెప్పండి. మన తరగతి గదులూ అలాగే ఉండాలి.