నిండు చూలాలి ఒంట్లో కాపలా



శివరాత్రి తిరునాళ్ళ దగ్గరపడితే కోటప్పకొండ చుట్టుపట్ల వూళ్ళన్నీ ప్రభల పనిలో పడతవి. కడుపుతో వుండి కొండెక్కలేక స్వామిని కిందికి రమ్మని వేడుకొన్న గొల్లభామ కథ మీకు తెలిసిందే. ఆ ఆయాసం పైకి కనిపించేది. గర్భిణీ ఒంట్లో పైకి కనిపించని మార్పు ఇంకొకటి వున్నది. దాన్ని గురించి ఈపూట చెప్పుకొందాము.

మన రక్తంలో రోగాలతో పోరాడే కణాలు వున్నవి. గ్రంథులు తయారుచేసి రక్తంలోకి వదిలే హార్మోనులు ఈ కాపలావాళ్ళ మీద కూడా పనిచేస్తవి. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను మామూలుగా కాపలాను చురుకు చేస్తుంది. టెస్టోస్టెరోన్ అనే పురుష హార్మోను నెమ్మదింపజేస్తుంది. 2014లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ఫ్లూ టీకా వేయించుకొన్న 53 మంది స్త్రీలను, 34 మంది పురుషులను పరీక్షించి ఒక సంగతి వెల్లడించారు. టీకాకు స్త్రీల రక్తమే బాగా స్పందించింది. టెస్టోస్టెరోన్ హెచ్చుగా వున్న మగవారిది వెనకబడింది. మొనగాడికి జ్వరమేం చేస్తుందిలే అనేవారు ఈ మాట కాస్త వినాలి! అట్లాగని చురుకుదనమంతా మేలే కాదు. సొంత ఒంటినే కరిచే లూపస్ జబ్బు వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది ఆడవారే. దీనికి హార్మోనులే కాక ఇతర కారణాలూ వున్నవి.

ఇక గర్భం సంగతి. బిడ్డలో సగం తండ్రి పాలు గదా. ఆ సగాన్ని పరాయిదని తరిమివేయకుండా, ప్రొజెస్టిరోన్ వంటి హార్మోనులు పెరిగి, కాపలా తీరు మారుతుంది. బిడ్డ నిలుస్తుంది, కాని కొన్ని రోగాలకు సందు దొరుకుతుంది. గొర్రెలు పెంచేవారికి ఇది కొత్త కాదు. ఈనే రోజులలో తల్లిగొర్రెకు నట్టలు హెచ్చుతవి.

1955-56లో ఢిల్లీలో మురుగు కలిసిన యమున నీరు తాగి సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చినవి. అందరికంటె గర్భిణీలకే ముప్పు ఎక్కువయింది. అది హెపటైటిస్-ఇ అని తరువాత తేలింది. నెలలు నిండేటప్పుడు ఇది సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చును.

అందుచేత తిరునాళ్ళకు వచ్చే గర్భిణీకి కాచి చల్లార్చిన నీళ్ళు ఇంటినుంచే కట్టివ్వండి. గొర్రెగాని గేదెగాని ఈసుకుపోతే ఆ మాయను, పిల్లను ఆమె చేత ఎత్తించవద్దు. తక్కినవారు చేతి తొడుగులు వేసుకొని, లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి. పచ్చిపాలు ఎవరూ తాగరాదు. పశువులకు వచ్చే బ్రూసెల్లా మనుషులకూ సోకుతుంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు దీని టీకాను 2019లో మొదలైన జాతీయ పథకం కింద వేస్తున్నారు. జీవితంలో ఒక్కసారి వేయిస్తే చాలును.

గర్భిణీ కళ్ళు పచ్చబడితే పసరు మందుకని తిప్పుతూ రోజులు గడపక, ఆనాడే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి.