కొత్త కాలనీలో కాపురం
(మోపిదేవిలో జరిగిన మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొత్త ఇంటి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు పురమాయించారు. ఇల్లు కట్టటం గురించి చెప్పేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. కట్టిన ఇంట్లో కుదురుకోవటం గురించి చెప్పేవాళ్ళే తక్కువ. మనలో చాలా కుటుంబాల చేతిలో ఇవాళ పట్టా ఉంది, కొందరి చేతిలో తాళంచెవి కూడా ఉంది. అయినా కాపురం మాత్రం ఇంకా పాత వీధిలోనే, అద్దె ఇంట్లోనే. ఆ తాళం ఎందుకు తెరుచుకోవటం లేదన్నదే నా ప్రశ్న.

దివిసీమకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెనలో, సర్కారు లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. తాటాకు ఇళ్ళు ఉన్నచోట ఆనవాళ్ళు కూడా మిగలలేదు. ఆ తరువాత ప్రభుత్వమూ, ధర్మసంస్థలూ పక్కా ఇళ్ళు కట్టించి ఇచ్చాయి. గాలికి ఎగరని కప్పు, నీటికి కరగని గోడ. కాని చాలాచోట్ల జనం ఆ స్లాబు గదిలో ధాన్యం బస్తాలు వేసుకుని, ముందు తాటాకు పంచ దించుకుని అందులో పడుకున్నారు. పొయ్యి పొగ పోయే దారి లేదు, ఎండాకాలం గది కొలిమి. వాళ్ళను తెలివితక్కువ వాళ్ళని నవ్వినవారున్నారు. నేను నవ్వను. ఇల్లు ఇచ్చినవారు తుఫాను రాత్రి గురించి ఆలోచించారు. అందులో ఉండేవారికి మిగిలిన అన్ని రోజులూ గడవాలి కదా!

ఇప్పటి సంగతికి వద్దాం. గుడివాడ మల్లాయపాలెంలో 8,912 టిడ్కో ఇళ్ళను 2023 జూన్ 16న లబ్ధిదారులకు అప్పగించారు. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు. ఒక్కసారిగా ఒక ఊరే వెలిసినట్టయింది. పల్లెల్లో అయితే 2020 డిసెంబర్ 25న మొదలుపెట్టిన పథకం కింద సెంటున్నర స్థలాలు వచ్చాయి. సెంటున్నర అంటే 72 గజాల పైచిలుకు.

ముందు ఇంటి సంగతి. టిడ్కో ఇళ్ళకు ఇటుక గోడలు లేవు, గోడంతా కాంక్రీటే, బరువు మోసేదీ ఆ గోడే. కనుక తలుపు జరుపుదామనీ, గూడు తొలిపిద్దామనీ మేస్త్రీని పిలవకండి. మీ గోడ మీద పైవాళ్ళ కాపురం కూడా ఉంది. స్థలాల్లో సొంతంగా కట్టుకున్నవారి చిక్కు వేరు. అవి చాలామటుకు వరి చేలు, మెరక తోలిన నేలలు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మెరక మట్టి సర్దుకోవటానికి ఒకటి రెండు వర్షాకాలాలు పడుతుంది. ప్లాస్టరింగు మీద వెంట్రుకవాసి బీటలకు బెదరకండి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగే బీట అయితే దానిమీద చిన్న గాజుముక్కను సిమెంటుతో అతికించి తేదీ వేయండి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టే. అప్పుడు ఇంజనీరుకు చూపించండి. మన బోరునీళ్ళు చాలాచోట్ల ఉప్పు. ఆ నీళ్ళతో కాంక్రీటు కలిపితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. గోడకు ఉప్పు పూస్తుంటే ఒక వేసవి గడిచేదాకా రంగుల జోలికి పోకండి.

కంపెనీవారి దగ్గర కొనుక్కునే ఫ్లాటు అయితే, 2016 నాటి రెరా చట్టం వర్తించేచోట, నిర్మాణ లోపాన్ని ఐదేళ్ళదాకా బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. బ్రిటన్‌లో కొత్త ఇళ్ళకు సాధారణంగా పదేళ్ళ వారంటీ ఉంటుంది, అందులో మొదటి రెండేళ్ళూ బాధ్యత కట్టినవాడిదే. సెంటున్నరలో మన ఇల్లు మనమే కట్టుకుంటే ఆ బిల్డరూ మనమే. అందుకే సిమెంటు రసీదు దగ్గర్నుంచి దాచిపెట్టండి.

ఖిబ్లా మాట తరచు అడుగుతున్నారు. మన ప్రాంతానికి ఖిబ్లా నిక్కచ్చిగా పడమర కాదు, పడమర నుంచి ఉత్తరానికి 14 డిగ్రీలు ఒరుగుతుంది. కాలనీ రోడ్డును చూసి ముసల్లా పరవకండి, రోడ్డు సర్వేయరు గీసింది. మరుగుదొడ్డి పీట కూడా ఖిబ్లాకు ముఖంగానీ వీపుగానీ పడకుండా కట్టేముందే చెప్పాలి. నాలుగు గోడల మధ్యనైనా అది తగదనేది హనఫీ పెద్దల మాట. కట్టాక మార్చటం ఖర్చు.

ఇక అసలు విషయం. గుడివాడ నుంచి బెజవాడకు నలభై కిలోమీటర్ల పైచిలుకు. పాసు జేబులో పెట్టుకుని మగవాళ్ళు తెల్లవారి రైలుకు పోతారు, ఇషా వేళకు తిరిగొస్తారు. అంటే కాలనీలో పగలంతా ఉండేది ఆడవాళ్ళు. పాత వీధిలో ఉప్పు అయిపోతే గోడ మీదుగా "ఆపా!" అని కేకేస్తే చాలు. ఇక్కడ ఎదురింటి తలుపు వెనక ఎవరున్నారో తెలియదు. జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి ఎత్తుకుని ఏ తలుపు కొట్టాలో తెలియకపోవటమే ఆ తాళానికి కారణమని నేననుకుంటాను. పట్టా ఆమె పేరున ఉంది. పంపునీళ్ళు రాకపోతే అడగటానికి, కాలనీ కమిటీలో మాట్లాడటానికి మాత్రం ఆయన ఆదివారం దాకా ఆగుతాడు. ఇదేం న్యాయం భాయ్? ఇల్లు ఎవరిదో వాళ్ళనే మాట్లాడనివ్వండి. ఎదురింట్లో ఉన్నది ఏ మతంవారైనా సరే, వెళ్ళిన మొదటి వారంలోనే ఒక గిన్నె సేమియా పంపండి. పొరుగువాడి హక్కు గురించి మన దీన్‌లో ఎంత గట్టిగా చెప్పారో మౌల్వీసాబు మీకు ప్రతి ఏడూ చెప్తూనే ఉన్నారు.

ముసలివాళ్ళ బాధ మరొకటి. చాచాకు ఐదు పూటలూ మసీదు నడక అలవాటు. అది దూరమైతే ఆయనకు మందూ మాకూ పనిచేయవు. జనాజా లేస్తే ఖబరస్తాన్ ఎంత దూరమో, భుజాలు ఎన్ని దొరుకుతాయో అన్న దిగులు ఆయన బయటికి చెప్పడు. ఒక్క కుటుంబం విడిగా వెళ్తే ఇవన్నీ కొండలు. పది కుటుంబాలు ఒకే నెలలో వెళ్తే జుమాకు ఒక ఆటో నిండుతుంది, పిల్లలకు సాయంత్రం ఖురాన్ చదివించేందుకు ఒక వరండా దొరుకుతుంది. పదిమంది కలిసి ఇచ్చిన అర్జీకి తహసీల్దారు ఆఫీసులో ఒక నంబరైనా పడుతుంది.

తెల్లకాగితం మీద ఇల్లు అమ్ముకుంటున్నారని కూడా విన్నాను. కొన్నవాడికి హక్కు రాదు, అమ్మినవాడికి మరో పట్టా రాదు. ఆడపిల్ల పెళ్ళి ఖర్చుకు అమ్మాలనుకునేవారు సంతకం పెట్టేముందు కార్యవర్గానికి ఒక్క మాట చెప్పండి.

ద్వారం దగ్గర బల్లమీద పుస్తకం పెట్టించాను. కాలనీ పేరు, ఇంటి నంబరు, వెళ్ళదలచిన నెల రాయండి. పట్టా ఎవరి పేరున ఉందో ఆ అమ్మచేతే రాయించండి. భోజనాలు వడ్డించేలోపు పూర్తయితే, ఎవరికి ఎవరు పొరుగో ఈ పూటే చూసుకోవచ్చు.

ఖుదా హాఫిజ్.