తాతనాటి చీటితో పరదేశ పౌరసత్వము

(ఒక పట్టణ గ్రంథాలయ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



"నా తాత పోర్చుగలు ప్రజ, కావున నేనును పోర్చుగలు ప్రజనే" యని గోవాలోని యువకుడు నేడు పలుకుచున్నాడు. ఈ మాట విని కొందరాగ్రహింతురు, కొందరసూయపడుదురు. అంతకుముందు ఆ మాటలో న్యాయమెంత, లాభమెంత, నష్టమెంత యని విచారించుట యుక్తము. న్యాయవాద వృత్తిలోనున్నవాడను గనుక లెక్క చెప్పుట నా పని.

గోవా 1510 మొదలు 1961 వఱకు పోర్చుగీసువారి యేలుబడిలో నుండెను. 1946 జూన్ 18న మడగావులో డాక్టరు రామమనోహర లోహియా పౌరహక్కులకై గొంతెత్తెను. 1955 ఆగష్టు 15న దేశము నలుమూలలనుండి పోయిన సత్యాగ్రహులపై పోర్చుగీసువారు కాల్పులు జరిపిరి. 1961 డిసెంబరు 19న ఆ గడ్డ విముక్తమైనది. 1962లో మన ప్రభుత్వము పౌరసత్వపు టుత్తరువు నొకదానిని వెలువరించెను. తానుగాని, తల్లిదండ్రులలో నొకరుగాని, తాత అవ్వలలో నొకరుగాని 1961 డిసెంబరు 20కి ముందు అచ్చట పుట్టియుండినచో, ఆ మనుష్యుడు ఆ దినమునుండి భారతపౌరుడు. పూర్వపు జాతీయతయే కావలెనన్నవాడు నెలదినములలో వ్రాసియియ్యవలెను.

మన చట్టము ఇట్లు తలుపు మూసెను. కాని లిస్బనులోని తలుపు మూయబడలేదు. గోవాపై భారత సార్వభౌమత్వమును పోర్చుగలు అంగీకరించినది 1974 డిసెంబరు 31నాటి సంధితో మాత్రమే. 1975లో ఆఫ్రికా వలసలు స్వతంత్రములగుచుండగా జాతీయతా నిబంధనలను సవరించినపుడు సైతము, పూర్వపు పోర్చుగీసు ఇండియాలో పుట్టి తమ జాతీయతను నిలుపుకొనగోరువారికి ఆ దేశము చోటు విడిచినది. కావున ఆ యువకుడు భిక్షమడుగుట లేదు. తనకు లభించిన హక్కును నమోదు చేయించుకొనుచున్నాడు.

పని జరుగు విధమిది. 1961కి ముందు పుట్టిన పూర్వుని జనన నమోదు నకలు సంపాదింపవలెను. వివాహపత్రము జతపఱుపవలెను. లిస్బనులోని కేంద్ర నమోదు కార్యాలయమున ముందు పూర్వుని పేరు, పిమ్మట సంతానము పేరు ఎక్కింపవలెను. నడుమ నొక కొక్కెము లేకున్న గొలుసు నిలువదు. పేరులో అక్షరము తప్పిననో, తేదీలు కలియకున్ననో కాగితములు తిరిగివచ్చును. ఇచ్చటనే దళారి ప్రవేశించును. ఇతర దేశములలోను ఇట్టి మార్గములు కలవు. తాత గాని అవ్వ గాని ఐర్లండులో పుట్టినచో మనుమడు అచ్చటి పౌరుడుగా నమోదు కావచ్చును. ఎన్ని తరములైనను లెక్కించుచుండిన ఇటలీ 2025లో పరిమితి విధించినది. పరదేశపు చట్టమును నమ్ముకొన్నవాడు అది మారగలదని యెఱుగవలెను.

ఇంత ప్రయాస యెందుకు? కూటికొఱకు. గోవావారు పూర్వము బొంబాయికి, తూర్పు ఆఫ్రికాకు, ఓడలపైకి, పిదప గల్ఫు దేశములకు పోయినవారే. స్వస్థలమున ఇనుపరాతి గనులు 2012లోను, మరల 2018లోను నిలిచిపోయినవి; యాత్రికుల వ్యాపారము ఋతువుతో వచ్చి ఋతువుతో పోవును. పోర్చుగలు పాస్‌పోర్టు చేతనున్న యూరపు సమాఖ్యలో నెచ్చటనైనను పని చేయవచ్చును. దానితోనే అనేకులు పోర్చుగలులో నిలువక ఇంగ్లండుకు పోయి స్విండన్ వంటి పట్టణములలో స్థిరపడిరి. 2020 డిసెంబరు 31తో ఇంగ్లండులో ఆ స్వేచ్ఛాప్రవేశము ముగిసినది. చీటి యదియే, దాని విలువ మాత్రము ఒక్క దినములో మారినది.

ఇక నష్టము. మన దేశము రెండు పౌరసత్వముల నొప్పదు. స్వేచ్ఛగా పరదేశ పౌరసత్వమును పొందినవాడు భారతపౌరుడు కాడని రాజ్యాంగపు 9వ అధికరణమును, 1955 పౌరసత్వ చట్టపు 9వ విభాగమును శాసించుచున్నవి. పరదేశపు పాస్‌పోర్టు పొందుటయే అందుకు నిశ్చయప్రమాణమను నియమమును 1962లో సుప్రీంకోర్టు సమర్థించినది. లిస్బనులో జననము నమోదైనంతమాత్రమున పౌరసత్వము పోవునా యను వివాదము కలదు. పాస్‌పోర్టు చేతికి వచ్చిన పిమ్మట వాదమునకు చోటు స్వల్పము. ఓ.సి.ఐ. చీటితో స్వదేశమునకు రాకపోకలు సాగును. కాని వోటు లేదు, ప్రజాపదవి లేదు, వ్యవసాయభూమి కొను హక్కు లేదు. శాసనసభలో నలువది స్థానములే గల చిన్నరాష్ట్రమున వేయి వోట్లు తగ్గిన ఆ లోటు సామాన్యమా?

మన గోదావరితీరమందలి యానామును చూడుడు. పుదుచ్చేరితోపాటు అది 1954 నవంబరు 1న మన పాలనలోనికి వచ్చెను. 1956లో వ్రాసిన సంధి 1962 ఆగష్టు 16న అమలులోనికి వచ్చెను. అచ్చట పుట్టి అచ్చటనే కాపురముండిన ఫ్రెంచి ప్రజలు భారతపౌరులైరి. ఫ్రెంచి జాతీయతయే కావలెనన్నవారికి ఆరుమాసముల గడువు. నాడు సంతకము చేసిన తమ్ముని మనుమడు నేడు పుదుచ్చేరిలో నుండియే ఫ్రెంచి యెన్నికలలో వోటు వేయవచ్చును. చేయని యన్న మనుమడు భారతీయుడు. రక్తమొక్కటియే, భేదము సంతకములో నున్నది. యానాములో గడువు ముగియగానే సంగతి తేలినది. గోవాలో మూడవ తరము నేటికిని ఆ ప్రశ్న నెదుర్కొనుచున్నది.

కావున నా యభిప్రాయమిది. పనికై పోవువానిని ద్రోహి యనుట అన్యాయము. పని చూపలేని మనము వాని దేశభక్తిని తూచుట కర్హులము కాము. అయితే రెండు పడవలపై కాళ్లుంచువానిని సమర్థింపజాలను. పరదేశ పౌరుడై భారత పాస్‌పోర్టును దాచుకొనుట శిక్షార్హమైన నేరము. దానిని తిరిగి యొప్పగించి నిర్భయముగ పోవలెను. సంతకమునకు ముందు ముసలి తల్లిదండ్రుల సంరక్షణ, భూమి, బిడ్డల పౌరసత్వము అను మూడింటిని ఇంటివారందఱు కూర్చుండి విచారింపవలెను. దళారి చెప్పునది లాభము మాత్రమే.

గ్రంథాలయ నిర్వాహకులకు నా ప్రార్థన యొక్కటి. పౌరసత్వ చట్టమును తెలుగులో వ్రాయించి ఈ బల్లపై నుంచుడు. పోగోరు యువకుడు దళారియింటికి పోవుటకు ముందు ఇచ్చటికి వచ్చి దానిని చదువుకొనునుగాక.