స్పోర్ట్స్ కారులో డబ్బు ఎక్కడ పెట్టాలి



కొత్త కారు మొదలుపెట్టేటప్పుడు లక్ష్యాల పట్టిక ఒకటి తయారవుతుంది. పవరెంత, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు, బరువెంత, ధరెంత, అన్నీ అంకెల్లో ఉంటాయి. నడిపేవాడి చేతికీ నడుముకీ ఏం తెలియాలి అన్నదానికి మాత్రం ఆ పట్టికలో గడి ఉండదు. ఖర్చు తగ్గించాల్సిన రోజు వచ్చినప్పుడు, అంకె లేనిదాని తరఫున మాట్లాడేవాళ్ళు ఉండరు. మనమంతా ఫీల్ అని పిలుచుకునేది అలా పోతోంది. టెక్నాలజీ వల్ల పోతోందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఎవరూ దానికి డబ్బు కేటాయించకపోవడం వల్ల పోతోంది.

మాటవరసకు కాకుండా, స్టీరింగునే దగ్గరగా చూద్దాం. మలుపులో చక్రం తిరగగానే రోడ్డును అంటుకున్న టైరు భాగం కొద్దిగా మెలిపడుతుంది. పక్కకు నెట్టే బలం ఆ భాగానికి సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త వెనక పనిచేస్తుంది. ఆ కాస్త దూరం వల్లే చక్రం మళ్ళీ నిటారు కావాలని చూస్తుంది. మన చేతికి తగిలే బరువులో ముఖ్యమైన భాగం అదే. వేగం పెంచుకుంటూ పోండి. టైరు పట్టు హద్దుకు చేరకముందే ఆ బలం పనిచేసే చోటు మధ్యకు జరగడం మొదలవుతుంది. అంటే, పక్కకు పట్టు ఇంకా మిగిలి ఉండగానే స్టీరింగు తేలికవుతుంది. జారిపోయాక తెలిసే సంగతి కాదిది, జారకముందే అందే హెచ్చరిక. అనుభవం ఉన్న డ్రైవరు ఆ తేలికను పట్టుకుని యాక్సిలరేటరు మీద కాలు సడలిస్తాడు. ఫీల్ అంటే ముచ్చట కోసం పెట్టే అలంకారం అనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. అది సమాచారం.

ఈ సమాచారం చాలా చిన్నది. దారిలో రాపిడి ఎక్కువైతే చేతికి చేరదు. పాత హైడ్రాలిక్ స్టీరింగులో పంపు ఇంజనుకు కట్టేసి ఉండేది, బండి తిన్నగా పోతున్నా పనిచేస్తూనే ఉండేది. పెట్రోలు ఆదా కోసం, పార్కింగూ లేను దిద్దుబాటూ తనంతట తాను చేయడం కోసం దాని బదులు ఎలక్ట్రిక్ మోటారు వచ్చింది. రావడం న్యాయమే. కానీ ఆ మోటారు ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. డ్రైవరు ముందున్న స్టీరింగు కాలమ్ మీద పెడితే చవక. కింద చక్రాలను తిప్పే ర్యాక్ మీద పెడితే ఖర్చెక్కువ. కానీ మోటారు బలం చక్రాలకు సూటిగా అందుతుంది, రోడ్డు నుంచి పైకి వచ్చే కబురుకు దారి శుభ్రంగా ఉంటుంది. పోర్షె 911కు 2011లో వచ్చిన తరంతో ఎలక్ట్రిక్ స్టీరింగు పెట్టినప్పుడు ఆ కారు అభిమానులు గట్టిగా గొడవ చేశారు. తర్వాతి ఏళ్ళలో అదే సంస్థ సాఫ్ట్‌వేరును సానబట్టుకుంటూ వచ్చింది. జీటీ3 లాంటి రకాల్లో ఆ ఫిర్యాదు ఇప్పుడు దాదాపు వినపడదు.  ముఖ్యంగా, ఆ సాఫ్ట్‌వేరు వెనక కూర్చుని పనిచేసిన మనుషులకు సమయం ఇచ్చారు.

ఇప్పుడు ధర సంగతికి వస్తాను. ఈ విషయంలో నేను పాఠంగా చూపేది మాజ్డా ఎంఎక్స్-5. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో చూపించారు. ముఖ్య ఇంజనీరు తోషిహికో హిరాయ్. అమెరికాలో మొదటి ధర 14 వేల డాలర్లకు లోపే. ఆ ధరకు వెనక చక్రాలు తోసే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఎలా ఇచ్చారు? ఇంజను కొత్తది చేయలేదు. 323 అనే మామూలు కుటుంబ కారులోని 1.6 లీటర్ల ఇంజను వంశానిదే తెచ్చి, నిలువుగా తిప్పి బిగించారు. పవరు సుమారు 115 హార్స్‌పవర్. ప్రాథమిక రకంలో పవర్ స్టీరింగు లేదు, కిటికీలు చేత్తో తిప్పుకోవాలి. ఇక్కడ మిగిల్చిన డబ్బు ఎక్కడికి పోయిందో చూడండి. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. గేర్‌బాక్సునూ వెనక డిఫరెన్షియల్‌నూ కలుపుతూ నిడుపాటి చట్రం ఒకటి, దాని పేరు పవర్ ప్లాంట్ ఫ్రేమ్. యాక్సిలరేటరు తొక్కగానే ఇంజనూ గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ దేనికది ఊగకుండా ఒకే ముక్కలా కదలడానికి అది. కాలు కదపడానికీ బండి ముందుకు దూకడానికీ మధ్య సందు లేకుండా పోయింది. షోరూములో ఆ చట్రాన్ని ఏ కొనుగోలుదారూ చూడడు, బ్రోషరులో చదివినా అర్థం కాదు. మొదటి మలుపు దాటేటప్పటికి మాత్రం తేడా తెలిసిపోతుంది.

హిరాయ్ బృందం చేసిన నిర్ణయాన్ని నేను మనసారా గౌరవిస్తాను. కంటికి కనపడే చోట పొదుపు చేసి, కనపడని చోట ఖర్చు పెట్టారు. సాధారణంగా కంపెనీలు చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. ఆ దారిని మాజ్డా తర్వాతా వదల్లేదు. 2005 నాటి మూడో తరంలో వెనక చూసే అద్దాన్ని సాదాగా చేసి 84 గ్రాములు తగ్గించారు. 2015 నాటి నాలుగో తరంలో చక్రానికి ఐదు నట్లకు బదులు నాలుగే పెట్టారు. 2016లో పది లక్షలవ ఎంఎక్స్-5 తయారైంది.

బరువు తగ్గించడం ధరకు కూడా మేలు చేస్తుంది. బరువు పెరిగితే వెడల్పు టైర్లు కావాలి, బండిని ఆపడానికి పెద్ద బ్రేకులు, మోయడానికి గట్టి స్ప్రింగులు, లాగడానికి పెద్ద ఇంజను. ప్రతి మెట్టుకూ డబ్బే.

టయోటా 86, సుబారు బీఆర్‌జెడ్ జంట 2012లో వచ్చినప్పుడు దాని టైర్ల మీద పెద్ద చర్చ నడిచింది. ప్రియస్ హైబ్రిడ్‌కు వాడే రకం మిషెలిన్ టైర్లను ఒక స్పోర్ట్స్ కారుకు తొడిగారు. పిసినారితనం అన్నారు కొందరు. ముఖ్య ఇంజనీరు తెత్సుయా తాదా ఆలోచన వేరు. పట్టు తక్కువైతే బండి హద్దు మామూలు వేగంలోనే వస్తుంది, మెల్లగా వస్తుంది, దాన్ని దిద్దుకోవడం సగటు డ్రైవరు కూడా నేర్చుకోగలడు. 200 హార్స్‌పవర్‌తో, అమెరికాలో దాదాపు 25 వేల డాలర్లకు, నేర్చుకునే వీలున్న బండి ఇచ్చాడు. ల్యాప్ టైములో వెనకబడుతుందని తెలిసే ఇచ్చాడు.

అలాగని తక్కువ టెక్నాలజీయే మంచిదని నేననడం లేదు. 2007లో నిస్సాన్ జీటీ-ఆర్ వచ్చింది. రెండు టర్బోల 3.8 లీటర్ల ఇంజను, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు, నాలుగు చక్రాలకూ పవరు, వీటన్నిటినీ నడిపే కంప్యూటర్లు. బరువు 1,740 కిలోలు. జపాన్‌లో ధర 77 లక్షల 70 వేల యెన్‌లు. అంతకు ఎంతో ఎక్కువ ఖరీదు పలికే యూరప్ కార్లతో సమానంగా పరుగెత్తింది. అక్కడ ధరను నేలకు దించింది టెక్నాలజీయే. పైగా దానికంటూ ఒక స్వభావం ఉంది. గేర్లు మారేటప్పటి లోహపు చప్పుడు, మలుపు మధ్యలో ముందు చక్రాలకు పవరు అందడం, ఏదీ దాచలేదు. దాచకపోవడమే దాని ఫీల్. 2025లో తయారీ ఆగేనాటికి అమెరికాలో ధర లక్ష డాలర్లు దాటిపోయింది, అది వేరే బాధ.

క్లచ్ పెడల్ కథ కూడా చెప్పాలి. 2013లో పోర్షె 911 జీటీ3ని ఆటోమేటిక్ డ్యూయల్ క్లచ్‌తోనే ఇచ్చింది. ట్రాక్ మీద అదే వేగం కాబట్టి. 2016లో మాన్యువల్ గేర్లతో 911 ఆర్ పేరిట 991 బండ్లు మాత్రం చేస్తే, కొనుక్కున్నవాళ్ళలో కొందరు వాటిని ఎన్నో రెట్ల ధరకు తిరిగి అమ్ముకున్నారు. 2017లో జీటీ3కి మాన్యువల్ మళ్ళీ వచ్చింది. మన దేశంలోనూ ఇలాంటిదే జరిగింది. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ 2021లో వచ్చినప్పుడు క్లచ్ పెడల్ లేని ఐఎంటీ గేర్‌బాక్సు ఇచ్చారు. 2023లో మూడు పెడళ్ళ ఆరు గేర్ల మాన్యువల్ పెట్టారు.

ఎలక్ట్రిక్ బండ్ల గురించి ఈ ఊళ్ళో అడక్కుండా ఎవరూ వదలరు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ రేసు చూసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉండి ఉంటారు. అదే ఏడాది వచ్చిన హ్యుందాయ్ ఐయానిక్ 5 ఎన్‌లో మార్చుకునే గేర్లు లేవు. కానీ ఎనిమిది గేర్లున్నట్టు మోటారు టార్క్‌ను క్షణంపాటు కోసి, స్పీకర్లలో చప్పుడు చేసి, గేరు మారినట్టు కుదుపు ఇస్తారు. నటన కదా అన్న ప్రశ్న వస్తుంది. నా అభిప్రాయంలో అది పనికొచ్చే నటన. చప్పుడు ఏ స్థాయిలో ఉందో చెవికి తెలిస్తే మలుపు ముందు మీటరు వైపు చూడక్కర్లేదు. అక్కడ కూడా సమాచారమే అందుతోంది. దాని బరువు 2,200 కిలోలకు అటూ ఇటూ, దాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తగ్గించలేదు.

చివరిగా మన సంగతి. 2018లో టాటా, కోయంబత్తూరు సంస్థ జయెం కలిసి టియాగో జేటీపీ తెచ్చాయి. 1.2 లీటర్ల టర్బో, 114 హార్స్‌పవర్, షోరూము ధర 6 లక్షల 39 వేలు. ఎత్తు కాస్త తగ్గించి, సస్పెన్షన్ బిగించి ఇచ్చారు. బీఎస్-6 కాలుష్య నిబంధనలతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, ఎందుకంటే దారి సరైనదే. 2025 సెప్టెంబరు నుంచి నాలుగు మీటర్లలోపు, 1,200 సీసీలోపు పెట్రోలు కారుకు జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40 శాతం. అంటే మన స్పోర్టీ బండి ఎంత పొడవుండాలో, ఇంజను ఎంతుండాలో పన్ను ముందే చెప్పేసింది. ఆ కొలతల్లో టర్బో ఇంజన్లు మన దగ్గర ఉన్నాయి, మాన్యువల్ గేర్‌బాక్సులు ఉన్నాయి. ఇక మిగిలింది స్టీరింగు మోటారును కాలమ్ మీంచి ర్యాక్ మీదికి దించడం, మన గుంతల రోడ్ల దెబ్బను వడకట్టి టైరు కబురును మాత్రం వదిలే సాఫ్ట్‌వేరు రాయడం. దాని డబ్బు కోసం నన్నడిగితే, పైకప్పు అద్దం తీసేయండి, తెర ఒక అంగుళం తగ్గించండి అంటాను. ఆ వడపోత ఎలా రాయొచ్చో ఇక్కడున్న కంట్రోల్ సాఫ్ట్‌వేర్ మిత్రులకు నాకంటే బాగా తెలుసు. ప్రశ్నలు వాళ్ళ దగ్గరినుంచే మొదలుపెడదాం.